కూర్చుని మలిచే కొలువు బొమ్మలు
ప్రశ్న: కాళ్ల వైకల్యం ఉన్నవారు బొమ్మల కొలువుకు ప్లాస్టిక్ లేని అలంకరణలు చేసి ఉపాధి పొందగలరా? (పాఠకురాలు, బొబ్బిలి)

జవాబు: పొందగలరు, బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో పనసకర్రతో మలిచే చిన్న నమూనా వీణలైనా, ఏటికొప్పాక లక్కబొమ్మలైనా ప్రధానంగా చేతి నేర్పుపై ఆధారపడినవే. ఏటికొప్పాక పద్ధతిలో మెత్తని అంకుడు కర్రను లేత్ మిషన్‌పై తిప్పుతూ, పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల వంటివాటి రంగు కలిపిన లక్కను అదిమితే, రాపిడి వేడికి అది కరిగి కర్రకు పట్టుకుంటుంది. ఆపై మొగలి ఆకుతో రుద్దగా మెరుపు వస్తుంది. మోటారు మిషన్‌కు కాలి శ్రమ అక్కరలేదు కనుక, బల్ల ఎత్తును చక్రాల కుర్చీకి సరిపెట్టడమే అసలు మార్పు, అదీ పెద్ద ఖర్చేమీ కాదు. పెట్టుబడికి సంబంధించి, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 37వ సెక్షన్, బెంచ్‌మార్క్ వైకల్యం, అంటే 40 శాతానికి తగ్గని ధ్రువీకృత వైకల్యం ఉన్నవారికి పేదరిక నిర్మూలన పథకాల్లో 5 శాతం రిజర్వేషన్ కల్పిస్తోంది.