టొరెంట్ – పంచుకునే ప్రవాహం

పాఠ్యాంశ పరిచయం

గ్రంథమైనా, గానమైనా, చలనచిత్రమైనా నేడు కంప్యూటర్‌లో ఒక ఫైలుగా ఇముడుతున్నది. ఆ ఫైలును ఒక చోటి నుండి మరొక చోటికి చేర్చే పద్ధతులలో టొరెంట్ ఒకటి. ఈ పేరు వినని విద్యార్థి అరుదు. పేరుతో పాటు దానిపై ఉన్న అపవాదును కూడా వినే ఉంటాడు. ఈ విధానం ఎట్లా పుట్టింది, ఎట్లా పనిచేస్తుంది, దానిని చట్టానికి లోబడి వినియోగించుకోవడం ఎట్లా అన్నవి ఈ పాఠంలోని విషయాలు.

పాఠం

అచ్చుయంత్రం రాకముందు మన కావ్యాలు తాళపత్రాలపై ఉండేవి. ఒక ఊరి పండితుని ఇంట ఉన్న గ్రంథాన్ని చూసి మరొక ఊరివారు ప్రతి రాసుకొనేవారు. కాలక్రమంలో ఒక ప్రతిలో మొదటి పత్రాలు చెదలపాలయ్యేవి, మరొకదానిలో చివరి పత్రాలు జారిపోయేవి. 19వ శతాబ్ది పూర్వార్ధంలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కడపలో పండితులను నియమించి, ఒకే గ్రంథానికి పలుచోట్ల ఉన్న ప్రతులను తెప్పించి, ఒకదానిలోని లోపాన్ని మరొకదానితో పూరింపజేసి, శుద్ధప్రతులు రాయించాడు. ఏ ఒక్క ఇంటిలోనూ సమగ్రంగా లేని గ్రంథం పదిమంది ఇళ్ళలోని ప్రతులు కలిస్తే సమగ్రమయ్యేది. ఈ సంగతి గుర్తుంచుకొంటే టొరెంట్ సూత్రం సగం బోధపడినట్లే.

సాధారణంగా మనం ఇంటర్‌నెట్ నుండి ఒక ఫైలును దించుకొనేటప్పుడు అది సర్వర్ అనే ఒక కేంద్ర కంప్యూటర్ నుండి వస్తుంది. 4 గిగాబైట్ల ఫైలును వెయ్యిమంది కోరితే ఆ సర్వర్ 4,000 గిగాబైట్ల సమాచారాన్ని తానొక్కటే పంపాలి. కోరేవారు పెరిగినకొద్దీ వేగం తగ్గుతుంది, ఖర్చు పెరుగుతుంది. ఊరంతటికీ ఒకటే బావి ఉన్నప్పుడు వేసవిలో కనిపించే దృశ్యం ఇదే. ఇంకొక విచిత్రమేమంటే, దించుకొంటున్న ఆ వెయ్యిమంది కంప్యూటర్లకూ పంపే శక్తి ఉన్నది. కానీ ఈ పద్ధతిలో ఆ శక్తి అంతా నిరుపయోగంగా పడి ఉంటుంది.

ఈ శక్తిని వినియోగించుకోవాలన్న ఆలోచన టొరెంట్ కంటే ముందే వచ్చింది. 1999లో అమెరికాలో షాన్ ఫానింగ్ అనే యువకుడు రూపొందించిన నాప్‌స్టర్ ద్వారా జనులు తమ కంప్యూటర్లలోని పాటలను నేరుగా ఒకరికొకరు పంపుకొన్నారు. అయితే ఏ పాట ఎవరి వద్ద ఉన్నదో తెలిపే సూచిక మాత్రం నాప్‌స్టర్ సర్వర్లలో ఉండేది. సంగీత సంస్థలు దావా వేసి గెలవగా 2001 జూలైలో ఆ సేవ ఆగిపోయింది. అదే జూలైలో బ్రామ్ కోహెన్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ తాను పైథాన్ భాషలో రాసిన బిట్‌టొరెంట్‌ను విడుదల చేశాడు. పాటల అన్వేషణ అతని లక్ష్యం కాదు. పెద్ద ఫైలును ఎక్కువమందికి తక్కువ ఖర్చుతో అందించడమెట్లా అన్నదే అతడు పరిష్కరించదలచిన సమస్య. టొరెంట్ అంటే ఆంగ్లంలో ఉద్ధృతమైన ప్రవాహం అని అర్థం. చిన్న చిన్న పాయలు కలిసి వరద అయ్యే తీరు ఇందులో కనిపిస్తుంది గనుక పేరు సార్థకమైనదే.

ఇక పనితీరు. ఒక పెద్ద ఫైలును ముందుగా సమానమైన ముక్కలుగా విభజిస్తారు. 4 గిగాబైట్ల ఫైలును ఒక్కొక్క మెగాబైటు చొప్పున విభజిస్తే 4,096 ముక్కలు అవుతాయి. ప్రతి ముక్కకు గణితపద్ధతిలో ఒక గుర్తును లెక్కిస్తారు. దీనికి హ్యాష్ అని పేరు. ముక్కలో ఒక్క అక్షరం మారినా ఈ గుర్తు పూర్తిగా మారిపోతుంది. ఫైలు పేరు, పరిమాణం, ఈ గుర్తుల పట్టిక ఉన్న చిన్న ఫైలునే టొరెంట్ ఫైలు అంటారు. మొదటి తరం పద్ధతిలో ఒక్కొక్క గుర్తు 20 బైట్లు. కాబట్టి పై ఉదాహరణలో గుర్తులన్నీ కలిసి 80 కిలోబైట్లే. అంటే టొరెంట్ ఫైలులో అసలు వస్తువు ఉండదు, దాని ఆనవాళ్ళు మాత్రమే ఉంటాయి. ఈ భేదం తెలియక, టొరెంట్ ఫైలు దించుకోగానే సినిమా వచ్చిందని భ్రమించేవారు మొదట్లో చాలామంది ఉంటారు.

సంపూర్ణమైన ఫైలును తన వద్ద ఉంచుకొని ఇతరులకు పంపేవానిని సీడర్ అంటారు, అనగా విత్తనం వేసేవాడు. ఇంకా సంపూర్ణం కాక దించుకొంటున్నవానికి లీచర్ అని పేరు. లీచ్ అంటే జలగ. ఇది న్యాయమైన మాట కాదని నా అభిప్రాయం. దించుకొంటున్నవాడు కూడా తనకు అప్పటికే అందిన ముక్కలను ఇతరులకు పంపుతూనే ఉంటాడు. పనిముగియగానే తలుపు వేసుకొని పోయేవానికే ఆ పేరు తగును. వీరందరినీ కలిపి స్వార్మ్ అంటారు, తేనెటీగల దండు వంటి సమూహమని భావం. ఈ సమూహంలో ఎవరెవరు ఉన్నారో తెలిపే కంప్యూటర్‌కు ట్రాకర్ అని పేరు. ట్రాకర్ చిరునామాలను మాత్రమే అందిస్తుంది, ముక్కలను మోయదు.

ముక్కలను ఏ వరుసలో తెచ్చుకోవాలన్నది చాలా ముఖ్యమైన ప్రశ్న. అందరూ మొదటి ముక్క నుండి వరుసగా తెచ్చుకొంటే, చివరి ముక్కలు ఒక్క సీడర్ వద్దనే మిగిలిపోతాయి. అతడు నిష్క్రమిస్తే వందమంది వద్ద అసంపూర్ణమైన ప్రతులే ఉంటాయి. అందుచేత సమూహంలో ఏ ముక్క అతి తక్కువమంది వద్ద ఉన్నదో దానిని ముందుగా తెచ్చుకోవాలన్నది నియమం. అరుదైన దానికి ముందుగా ప్రతులు పెంచడమన్నమాట. కొత్తగా చేరినవానికి మాత్రం మినహాయింపు ఉన్నది. పంచుకోవడానికి వాని వద్ద ఏమీ ఉండదు గనుక ఏదో ఒక ముక్కను త్వరగా తెచ్చుకోనిస్తారు.

అయితే మనిషి స్వార్థపరుడు. పుచ్చుకొని ఇవ్వనివానిని ఏమి చేయాలి? కోహెన్ ఇక్కడ నీతిబోధను నమ్ముకోలేదు. మన పెళ్ళిళ్ళలో చదివింపుల పద్ధతి ఉన్నది కదా. ఎవరు ఎంత చదివించారో పుస్తకంలో రాసుకొని, వారింట శుభకార్యం వచ్చినప్పుడు తగినట్లు చదివిస్తారు. బిట్‌టొరెంట్ కూడా ఇట్టి లెక్కే చూస్తుంది. కోహెన్ 2003లో ప్రకటించిన వ్యాసంలోని వివరణ ప్రకారం, దించుకొంటున్న ప్రతి కంప్యూటర్ సాధారణంగా నలుగురికి ఒకేసారి పంపుతుంది. తనకు ఎక్కువ వేగంగా పంపుతున్నవారినే ఎంచుకొంటుంది. ఈ ఎంపికను 10 సెకన్లకు ఒకసారి సరిచూసుకొంటుంది. కానీ లెక్క ఒక్కటే అయితే కొత్తవానికి చోటు ఎక్కడ? అందువల్ల 30 సెకన్లకు ఒకసారి, ఇంతవరకు ఏమీ ఇవ్వనివాడైనా సరే, ఎవరో ఒకరికి అవకాశం ఇచ్చి చూస్తుంది. అపరిచితుని పట్ల కొంత ఔదార్యం చూపకపోతే ఈ ఏర్పాటు అసలు మొదలే కాదు.

అందిన ప్రతి ముక్కకూ మన కంప్యూటర్ తిరిగి గుర్తును లెక్కించి పట్టికతో పోల్చి చూస్తుంది. సరిపోలకపోతే ఆ ముక్కను పారవేసి మళ్ళీ తెప్పించుకొంటుంది. కనుక పంపినవాడు ఎవరో తెలియకపోయినా ముక్క సరియైనదో కాదో తెలుస్తుంది. మన లేఖకులకు ఈ సౌకర్యం ఉంటే కావ్యాలలో పాఠభేదాలకు తావుండేది కాదు, మా వంటి పరిశోధకులకు పని కూడా తగ్గేది. అయితే 2017 ఫిబ్రవరిలో గూగుల్, ఆమ్‌స్టర్‌డామ్‌లోని సి.డబ్ల్యు.ఐ. సంస్థల పరిశోధకులు, ఆనాటి వరకు వాడుకలో ఉన్న ఎస్.హెచ్.ఎ.–1 అనే లెక్కింపు పద్ధతిలో రెండు వేర్వేరు ఫైళ్ళకు ఒకే గుర్తు వచ్చేటట్లు చేసి చూపారు. బిట్‌టొరెంట్ రెండవ రూపంలో దాని స్థానాన్ని మరింత దృఢమైన ఎస్.హెచ్.ఎ.–256 ఆక్రమించింది.

2005 నుండి ట్రాకర్ లేకుండానే సమూహంలోని వారు చిరునామాల పట్టికను తలా కొంత మోసే ఏర్పాటు వచ్చింది. తరువాత మాగ్నెట్ లింక్ వ్యాప్తిలోకి వచ్చింది. ఇది టొరెంట్ ఫైలుకు బదులుగా, మొదటి తరం పద్ధతిలో 40 అక్షరాంకెల గుర్తు ఒక్కటే కలిగిన చిరునామా. ఆ గుర్తు ఆధారంగా మిగిలిన వివరాలను సమూహం నుండే సేకరించుకొంటుంది.

ఆచరణకు వద్దాం. ముందుగా టొరెంట్‌ను చదివే అనువర్తనం ఒకటి కావాలి. క్యూబిట్‌టొరెంట్, ట్రాన్స్‌మిషన్ అనేవి ఉచితమైనవి, వాటి మూలరచన ఎవరైనా పరిశీలించదగినది. వాటిని వాటి అధికారిక వెబ్‌సైట్ నుండే తెచ్చుకోవాలి. మొదటి ప్రయోగానికి లిబ్రె ఆఫీస్ తగినది. ఇది పత్రరచనకు, పట్టికలకు ఉపకరించే ఉచిత సాధనం, తెలుగులో కూడా పనిచేస్తుంది. దాని వెబ్‌సైట్‌లో టొరెంట్ మార్గం ఉన్నది. లేదా డెబియన్ అనే లైనక్స్ వ్యవస్థను తీసుకోవచ్చు. టొరెంట్ ఫైలును తెరవగానే ఎక్కడ భద్రపరచాలని అనువర్తనం అడుగుతుంది. డిస్క్‌లో చాలినంత చోటు ఉన్నదో లేదో అప్పుడే చూసుకోవాలి. తరువాత తెరపై సీడర్ల సంఖ్య కనిపిస్తుంది. ఆ సంఖ్య సున్న అయితే ఎంతసేపు నిరీక్షించినా ఫలితం అనుమానమే. నూటికి తొంభైతొమ్మిది వంతులు వచ్చి ఆగిపోయిన ఫైళ్ళు ఈ కారణంగానే ఆగుతాయి. అమరికలలో అప్‌లోడ్ వేగానికి పరిమితి పెట్టుకోవాలి. పంపే దారి పూర్తిగా నిండిపోతే ఇంట్లో ఇతరులకు వెబ్‌పేజీలు కూడా తెరుచుకోవు. దించుకోవడం ముగిసిన తరువాత కూడా కొంతకాలం సీడింగ్ కొనసాగించడం మర్యాద. పుచ్చుకొన్నంత మేరకు తిరిగి పంపితే నిష్పత్తి 1 అని చూపుతుంది. అయితే మొబైల్ డేటాపై ఆధారపడినవారు జాగ్రత్తగా ఉండాలి, పంపేది కూడా లెక్కలోకి వస్తుంది. బి.ఎస్.ఎన్.ఎల్. బ్రాడ్‌బ్యాండ్ తొలి సంవత్సరాలలో రాత్రి 2 గంటల నుండి ఉదయం 8 గంటల వరకు పరిమితి లేని పథకం ఉండేది. టొరెంట్ కోసం కంప్యూటర్‌ను రాత్రంతా వెలిగించి ఉంచిన తరం ఒకటి ఆనాడు తయారైంది.

ఇప్పుడు అపవాదు సంగతి. విధానం వేరు, దాని ద్వారా ప్రవహించే వస్తువు వేరు. కానీ వస్తువు పరాయివాని సొత్తు అయినప్పుడు టొరెంట్ వాడేవాని స్థితి చాలా సున్నితమైనది. సాధారణ పద్ధతిలో దించుకొనేవాడు పుచ్చుకొనేవాడు మాత్రమే. టొరెంట్‌లో అతడు పుచ్చుకొంటూనే పంచిపెడుతున్నాడు, అంటే తెలియకుండానే పంపిణీదారు అవుతున్నాడు. అతని కంప్యూటర్ ఐ.పి. చిరునామా సమూహంలో అందరికీ కనిపిస్తుంది. మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ ప్రకారం, తెలిసి చేసిన ఉల్లంఘనకు 6 నెలల నుండి 3 సంవత్సరాల వరకు కారాగారవాసం, 50 వేల నుండి 2 లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. వ్యాపారలాభం కోసం చేయనప్పుడు తగిన ప్రత్యేక కారణాలను తీర్పులో పేర్కొని న్యాయస్థానం శిక్షను తగ్గించవచ్చు. సినిమాను థియేటర్‌లో దొంగచాటుగా చిత్రీకరించేవారికి 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టానికి చేసిన సవరణ మరింత కఠినమైన జరిమానాను విధించింది. స్వీడన్‌లో పైరేట్ బే నిర్వహణకు సంబంధించి నలుగురికి 2009లో స్టాక్‌హోం న్యాయస్థానం ఒక సంవత్సరం చొప్పున జైలుశిక్ష విధించింది.

అనధికార పంపిణీ తెలుగువారికి పరాయి సంగతి కాదు. 2013 సెప్టెంబరులో ‘అత్తారింటికి దారేది’ చిత్రంలో చాలా భాగం విడుదలకు ముందే బయటకు పొక్కింది. నిర్మాత విడుదల తేదీని ముందుకు జరిపి సెప్టెంబరు 27న ప్రదర్శింపజేశాడు. ఆ చిత్రం ప్రజాదరణ పొందింది గనుక ఆ నష్టం మాటున పడింది. ఆ బలం లేని చిన్న చిత్రానికి అట్టి దెబ్బ తగిలితే కెమెరా సహాయకుని నుండి అన్నం వండినవారి వరకు రావలసిన కూలి చిక్కులో పడుతుంది.

గుర్తు సరిపోలడమంటే వస్తువు నిరపాయకరమైనదని అర్థం కాదన్నది కూడా తెలుసుకోవాలి. టొరెంట్ తయారుచేసినవాడే అందులో వైరస్ పెడితే, ఆ వైరస్ ఒక్క అక్షరం చెడకుండా మన ఇంటికి చేరుతుంది. డబ్బు పెట్టి కొనవలసిన సాఫ్ట్‌వేర్‌ను ఉచితమని చూపే టొరెంట్లలో ఈ ప్రమాదం ఎక్కువ.

కాపీరైట్ తీరిన సాహిత్యం మాత్రం అందరి సొత్తు. మన చట్టం ప్రకారం రచయిత మరణించిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్ళకు హక్కు ముగుస్తుంది. 1919లో దివంగతుడైన కందుకూరి వీరేశలింగం, 1915లో దివంగతుడైన గురజాడ అప్పారావు రచనలను ఎవరైనా పంచుకోవచ్చు. ఇంటర్‌నెట్ ఆర్కైవ్ అనే అమెరికన్ గ్రంథాలయం 2012 నుండి తన సేకరణలను టొరెంట్ ద్వారా కూడా అందిస్తున్నది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు అనేకం అక్కడ ఉన్నాయి. అక్కడి టొరెంట్లకు సీడర్ ఎవరూ లేకపోయినా ఆ గ్రంథాలయ సర్వరే ముక్కలను పంపుతుంది. శ్రీనాథుడు తాను రచించినట్లు చెప్పుకొన్న మరుత్తరాట్చరిత్ర, శాలివాహన సప్తశతి మనకు దక్కలేదు. వాటి ప్రతులు చాలినన్ని చోట్ల నిలవలేదు. మీ ఊరి గ్రంథాలయంలో శిథిలమవుతున్న, హక్కులు తీరిన పుస్తకాన్ని స్కాన్ చేసి ఆర్కైవ్‌లో చేర్చినప్పుడు దానికి టొరెంట్ ఫైలును ఆ సంస్థే తయారుచేస్తుంది. దానిని మీరు, మీ మిత్రులు నలుగురు సీడ్ చేస్తే ఆ పుస్తకం ఐదు ఇళ్ళలో ఉన్నట్లు.

ప్రశ్నలు

అ) టొరెంట్ విధానంలో అరుదైన ముక్కను ముందుగా తెచ్చుకోవడానికి గల కారణాన్ని వివరించండి.
ఆ) చదివింపుల పద్ధతికి, బిట్‌టొరెంట్‌లోని ఇచ్చిపుచ్చుకొనే నియమానికి గల పోలికను, భేదాన్ని రాయండి.
ఇ) “టొరెంట్‌లో పుచ్చుకొనేవాడే పంపిణీదారు” – ఈ వాక్యాన్ని కాపీరైట్ చట్టం దృష్టితో చర్చించండి.
ఈ) మీ కళాశాల గ్రంథాలయంలో హక్కులు తీరిన తెలుగు పుస్తకాలు ఏవో, వాటి రచయితలు దివంగతులైన సంవత్సరాలతో సహా తెలుసుకొని పట్టిక తయారు చేయండి.