రిజిస్టర్‌లోకి మళ్లీ పేరెక్కిన వేళ

చిరంజీవి హారికకు,

నీ మెయిల్ చేరింది. హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్ కోర్సులో మీ సార్ మంచి ప్రశ్నే ఇచ్చారు: మహమ్మారి వచ్చినప్పుడు, రిజిస్ట్రేషన్ వదులుకుని ఇంట్లో కూర్చున్న నర్సుల్నీ డాక్టర్లనీ తాత్కాలికంగా ఎలా వెనక్కి తెచ్చుకోవాలి? నువ్వేమో "ప్రభుత్వం ఒక జీవో ఇస్తే చాలు" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. జీవో ఇస్తే పేరు రిజిస్టర్‌లోకి ఎక్కుతుంది. మనిషి వార్డులోకి రావడానికి అది చాలదమ్మా. 2020లో ఇంగ్లండ్‌లో ఇదంతా నా కళ్లెదుటే జరిగింది, నేనూ అందులో ఉన్నాను. ఆ సంగతులే రాస్తున్నాను, నీ జవాబు తిరగరాసుకోవడానికి పనికొస్తాయి.

ముందు, రిజిస్ట్రేషన్ పోవడమంటే ఏమిటో స్పష్టంగా పెట్టుకో. తప్పు చేస్తే పేరు కొట్టేయడం వేరు, మనమే వదిలేసుకోవడం వేరు. ఇక్కడ మా నర్సుల రిజిస్టర్ ఎన్‌ఎంసీ చేతిలో ఉంటుంది. (ఆ పేరు వినగానే నీకు ఢిల్లీలోని మెడికల్ కమిషన్ గుర్తొస్తుందేమో, ఇది నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్.) 2020లో ఏటా 120 పౌండ్ల ఫీజు ఉండేది. మూడేళ్లకోసారి రీవాలిడేషన్ ఉంటుంది. ఆ మూడేళ్లలో కనీసం 450 గంటలు పనిచేశామని, 35 గంటలు కొత్త విషయాలు నేర్చుకున్నామని చూపించాలి. రిటైరయ్యాక ఈ గొడవంతా ఎవరు పడతారు? 2018లో నేనూ మానేశాను. అంతమాత్రాన చేతికొచ్చిన పని పోలేదు. పోయిందల్లా ఆ పనికి నేను జవాబుదారీనని చెప్పే కాగితం. మళ్లీ ఎక్కాలంటే మామూలు రోజుల్లో కోర్సు చేయాలి, లేదా పరీక్ష రాయాలి. నెలలు పడుతుంది.

2020 మార్చిలో అన్ని నెలలు ఎవరి దగ్గరా లేవు. డాక్టర్ల విషయంలో చట్టం ముందే సిద్ధంగా ఉంది. 1983 నాటి మెడికల్ యాక్ట్‌లో 2008లోనే 18ఏ అనే సెక్షన్ చేర్చి పెట్టుకున్నారు. ఎమర్జెన్సీ వచ్చిందని మంత్రి తెలియజేస్తే చాలు, తగిన అనుభవం ఉన్నవాళ్లను రిజిస్ట్రార్ తాత్కాలికంగా చేర్చుకోవచ్చు. మార్చి 26న, డాక్టర్ల రిజిస్టర్ చూసే జనరల్ మెడికల్ కౌన్సిల్ సుమారు 11,800 మంది డాక్టర్లను అలా ఒక్కసారిగా ఎక్కించేసింది. వాళ్లంతా రిజిస్టర్నో లైసెన్స్‌నో వదిలి మూడేళ్లు దాటనివాళ్లు. దరఖాస్తు లేదు, ఫీజు లేదు. ఇష్టం లేనివాళ్లు వద్దని చెప్పుకోవచ్చు.

నర్సులకు అలాంటి సెక్షన్ లేదు. ఇల్లు అంటుకున్నాక బావి తవ్విన చందాన, మార్చి 19న పార్లమెంటులో బిల్లు పెట్టి 25కల్లా కరోనావైరస్ చట్టం చేశారు. 27న మా తాత్కాలిక రిజిస్టర్ తెరుచుకుంది. డాక్టర్లలా కాదు, మాకు కబురు పంపి, వస్తామన్నవాళ్ల పేర్లే ఎక్కించారు. మొదటి రోజే 7,000 మందికి పైగా చేరారు. అంత వేగంగా చట్టం చేసినందుకు అందరూ మెచ్చుకున్నారు. నేనైతే ఎవరి కంటా పడకుండా పన్నెండేళ్లు పుస్తకంలో పడి ఉన్న ఆ డాక్టర్ల సెక్షన్‌కే ఎక్కువ మార్కులు వేస్తాను.

ఎవరిని రానిచ్చారన్నది కూడా చూడు. మాకూ మొదట మూడేళ్లలోపు వదిలినవాళ్లనే పిలిచారు. తర్వాత ఐదేళ్ల దాకా జరిపారు కానీ, ఆ రెండో వరసకు షరతులు పెట్టారు. సొంతంగా ప్రాక్టీసు పెట్టుకోకూడదు, ఏదో ఒక సంస్థలో ఉద్యోగిగానే చేయాలి. పైన మామూలు రిజిస్టర్‌లో ఉన్న నర్సు ఒకరు ఉండి తీరాలి. విచారణలో ఉన్నవాళ్లకు అసలు ప్రవేశమే లేదు. ఇంకో గుంపును నువ్వు ఊహించి ఉండవు: విదేశాల్లో చదివి వచ్చి, అన్ని దశలూ దాటి, ఓస్కీ అనే ప్రాక్టికల్ పరీక్ష ఒక్కటే మిగిలినవాళ్లు. మన దేశపు నర్సులు ఆ వరసలో చాలామందే ఉండేవాళ్లు. వాళ్లనూ చేర్చుకున్నారు.

ఇక డబ్బు సంగతి. దీన్ని మీ కోర్సులో ఎవరూ చెప్పరు. ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ అయిన ఎన్‌హెచ్‌ఎస్ పాత పెన్షన్ స్కీములో, రిటైరైన మొదటి నెలలో వారానికి 16 గంటలు మించి పనిచేస్తే పెన్షన్ ఆగిపోయేది. 55కే దిగిపోయే వెసులుబాటున్న నర్సులకైతే, తిరిగి చేరాక పెన్షనూ జీతమూ కలిపి పాత జీతాన్ని మించితే 60 ఏళ్లు వచ్చేదాకా కోత పడేది. ప్రాణాలకు తెగించి రమ్మని పిలుస్తూ పెన్షన్ కోస్తామంటే ఎవరొస్తారు? అందుకే అదే కరోనావైరస్ చట్టంలో 45వ సెక్షన్ ఆ నిబంధనలను పక్కన పెట్టింది. చికిత్సలో పొరపాటు జరిగి ఎవరైనా నష్టపరిహారం అడిగితే, ఇంకే భరోసా లేనివాళ్ల తరఫున ప్రభుత్వం నిలబడేలా 11వ సెక్షన్ ఏర్పాటు చేసింది. నీ జీవోలో ఈ రెండూ ఉన్నాయా?

ఇవన్నీ ఉన్నా, పేరెక్కినవాళ్లందరికీ పని దొరకలేదు. నా సంగతే చూడు. రిజిస్టర్‌లో పేరుంది, ఫోను మాత్రం మోగదు. ఏ ఆస్పత్రికి ఎవరు కావాలో, ఎవరు ఎక్కడున్నారో కలిపి చూసే యంత్రాంగం నత్తనడక నడిచింది. పైగా రిటైరైనవాళ్లలో ఎక్కువమందిది ఆ వైరస్ గట్టిగా కాటేసే వయసే. 70 దాటినవాళ్లు జనానికి దూరంగా ఉండాలని ఒకపక్క అదే ప్రభుత్వం చెబుతోంది. కాబట్టి అలాంటివాళ్లకు ఫోన్లో సలహాలిచ్చే పనో, కోలుకున్నవాళ్లను వాకబు చేసే పనో ముందే రాసిపెట్టుకోవాలి. అందరినీ ఐసీయూలోకే తోలతామంటే కుదరదు.

టీకాల సమయానికి ఇంకో తమాషా. టీకా వేయడానికి ముందుకొచ్చిన రిటైర్డ్ డాక్టర్లను 21 దాకా పత్రాలు అడిగారు. అగ్నిప్రమాదాల మీద శిక్షణ, తీవ్రవాదాన్ని అడ్డుకోవడం మీద శిక్షణ కూడా వాటిలో ఉన్నాయి! గోల పెరిగాక, 2021 జనవరిలో ఆరోగ్య మంత్రి మాట్ హ్యాన్‌కాక్ అనవసరమైనవి తీసేస్తామన్నారు. అలాగని శిక్షణంతా దండగని రాసేయకు. చివరికి నాకూ పిలుపొచ్చింది, నేను వేసింది ఫైజర్ టీకా. ఆ రోజుల్లో ఆ చిన్న సీసాలోకి 1.8 మిల్లీలీటర్ల సెలైన్ ఎక్కించాల్సి ఉండేది. కుదపకూడదు, మెల్లగా పదిసార్లు తలకిందులు చేయాలి. ఒక్కొక్కరికి 0.3 మిల్లీలీటర్లు. కొన్ని వేల ఇంజెక్షన్లు చేసిన చెయ్యి సీసా కనబడగానే అలవాటుగా ఊపేస్తుంది. ఆ అలవాటును మాన్పించడానికి పక్కన ఒకరు నిలబడి నేర్పాల్సిందే. ఏ శిక్షణ తీసేయాలో, దేన్ని ముట్టుకోకూడదో తేల్చాల్సింది టీకా వేసే టేబుల్ దగ్గర పనిచేసేవాళ్లు.

ఇప్పుడు నీ పని. మన దగ్గర 2021 మేలో రెండో వేవ్ ఉధృతంగా ఉన్నప్పుడు రక్షణ శాఖ, అంతకు ముందు నాలుగేళ్లలో సైన్యం నుంచి బయటికెళ్లిన 400 మంది వైద్యాధికారుల్ని కాంట్రాక్టు మీద, గరిష్ఠంగా 11 నెలలకు, తిరిగి తీసుకోవడానికి అనుమతిచ్చింది. అది ఉద్యోగంలోకి తీసుకోవడం, రిజిస్ట్రేషన్ ప్రశ్న వేరు. ఆ రెంటినీ కలిపేశావు, విడదీయి. తర్వాత 2023లో వచ్చిన జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం మొదటినుంచి చివరిదాకా చదువు. 18ఏ లాంటిది అందులో ఉందో లేదో సెక్షన్ నంబరుతో సహా రాయి. లేకపోతే ఎక్కడ చేర్చాలో, ఎవరు ప్రకటిస్తే అది అమల్లోకి రావాలో, ఎప్పుడు రద్దు కావాలో నీ మాటల్లో ఒక పేజీ రాసి పంపు. ముగింపు తేదీ సంగతి మరిచిపోకు, తాత్కాలికం అన్నాక అది ఉండాలి.



నీ అత్తయ్య,
లెస్టర్