జ్వరం లేకుండానే ఇన్ఫెక్షనా?

సందేహం: మా నాన్నగారికి 58 ఏళ్లు. రెండేళ్లుగా లివర్ సిర్రోసిస్‌కు మందులు వాడుతున్నారు. పోయిన నెల ఒకరోజు మాట తడబడి, పగలంతా మగతగా పడుకునే ఉన్నారు. ఆసుపత్రికి తీసుకెళ్తే పొట్టలో చేరిన నీటికి ఇన్ఫెక్షన్ సోకిందన్నారు. ఒళ్లు మాత్రం వెచ్చబడనే లేదు. జ్వరం రాకుండా ఇన్ఫెక్షన్ ఎలా? రోగనిరోధక శక్తికి తిప్పతీగ కషాయం ఇమ్మని మా పెద్దమ్మ అంటోంది. ఇవ్వవచ్చా?
- ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: ఆ మగతను మామూలు నిద్రే అనుకుని వదిలేయలేదు. చాలా మంచి పని చేశావమ్మా.

పేగుల నుంచి వచ్చే రక్తం ముందు కాలేయంలోకే వెళ్తుంది. దాంతోపాటు వచ్చే బ్యాక్టీరియాను అక్కడ కాపు కాసే కుఫ్ఫర్ కణాలు మింగేస్తాయి. సిర్రోసిస్‌లో కాలేయం గట్టిపడటంతో చాలా రక్తం పక్కదారులు పట్టి, వడపోత లేకుండానే ఒంట్లో కలుస్తుంది. బ్యాక్టీరియాపై దాడికి తోడ్పడే కాంప్లిమెంట్ ప్రొటీన్లను ఎక్కువగా తయారుచేసేదీ కాలేయమే. అవీ తగ్గిపోతాయి. ఉబ్బిన ప్లీహం తెల్లరక్తకణాలను తనలోనే ఆపేసుకుంటుంది. మిగిలినవి తెరిపి లేకుండా పోరాడి పోరాడి అలసిపోతాయి. అలాంటి ఒంట్లో ఇన్ఫెక్షన్ వచ్చినా జ్వరం రాకపోవచ్చు. కొందరికి కడుపునొప్పి కూడా ఉండదు.

కాబట్టి ఇకమీదట థర్మామీటర్‌ను నమ్ముకుని ఆగవద్దు. తికమకగా మాట్లాడినా, మగతగా ఉన్నా, మూత్రం తగ్గినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లు. పొట్టలోని నీరు కొంచెం తీసి పరీక్షిస్తారు. ఘన మిల్లీమీటరుకు న్యూట్రోఫిల్ కణాలు 250 గానీ అంతకు మించి గానీ ఉంటే, కల్చర్ రిపోర్టు కోసం చూడకుండానే యాంటీబయాటిక్ మొదలుపెడతారు. ఒకసారి వచ్చింది మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. రాకుండా రోజూ మాత్ర వేసుకోవాలేమో మీ డాక్టర్‌ను తప్పకుండా అడుగు.

తిప్పతీగ వద్దు. పెద్దమ్మగారిది ప్రేమే, కాదనను. కానీ అది వాడాక కాలేయం దెబ్బతిన్న రోగుల గురించి ముంబయి వైద్యులు 2021లో ప్రచురించారు. ఉన్న కాస్త కాలేయాన్నీ పణంగా పెట్టలేం. ఒళ్లునొప్పులకు మందుల షాపులో అడిగి తెచ్చే మాత్రలు కూడా వద్దు. వాటివల్ల కిడ్నీలు దెబ్బతినవచ్చు.

పథ్యం పేరుతో పప్పు, గుడ్డు మాన్పించకండి. కండ కరిగితే ఇన్ఫెక్షన్లు ఇంకా పెరుగుతాయి. రాత్రి పడుకోబోయే ముందు కూడా ఏదో ఒకటి తినిపించు. ఫ్లూ టీకా ఏటా వేయించాలి. న్యుమోకోకల్, హెపటైటిస్-బి టీకాల గురించి డాక్టర్‌తో మాట్లాడు. ఒకవేళ నాన్నగారి జబ్బుకు మూలం హెపటైటిస్-బి వైరసే అయితే, నువ్వూ, అమ్మగారూ, నీ తోబుట్టువులూ ఈ వారంలోనే రక్తపరీక్ష చేయించుకోండి.