పనిలో ప్రమాదం: నష్టపరిహారం దానం కాదు, హక్కు



మన తల్లిదండ్రుల్లో ఎక్కువమంది కాయకష్టం మీద బతికేవాళ్లే. సెంట్రింగ్ పనివాళ్లు, హమాలీలు, ఇటుకబట్టీ కూలీలు, రైసుమిల్లు కార్మికులు, బోరు లారీల మీద వెళ్లేవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. మా ఇంట్లో డిగ్రీ పూర్తిచేసిన మొదటివాణ్ణి నేను. ఇప్పుడు ఎల్.ఎల్.ఎం. చదువుతున్నాను. చదివిన చట్టాలలో మన ఇళ్లకు ముందుగా చెప్పవలసింది ఏదని అడిగితే, ఇదే చెబుతాను.

పనిలో మనిషికి దెబ్బ తగిలినప్పుడు ఊళ్లలో సాధారణంగా ఏం జరుగుతుంది? కంట్రాక్టరు వస్తాడు. పెద్దమనుషులు కూర్చుంటారు. "తప్పు అతనిదే అయినా మానవత్వంతో ఇస్తున్నాం" అంటూ యాభైవేలో లక్షో చేతిలో పెడతారు. కాగితం మీద వేలిముద్ర వేయించుకుంటారు. ఇంటివాళ్లు దండం పెట్టి తీసుకుంటారు. కానీ చట్టం ప్రకారం అది దయతో ఇచ్చే సొమ్ము కాదు, బేరమాడే సొమ్ము అంతకన్నా కాదు. దానికి ఒక లెక్క ఉంది.

చట్టం ఏమంటుంది?

మన దేశంలో ఈ హక్కు కొత్తది కాదు. 1923లోనే కార్మికుల నష్టపరిహార చట్టం వచ్చింది. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో సామాజిక భద్రతా కోడ్, 2020 అమలులోకి వచ్చింది. పాత చట్టంలోని ముఖ్య సూత్రాలు ఇందులోనూ కొనసాగుతున్నాయి.

పని కారణంగా, పనిలో ఉండగా ప్రమాదం జరిగితే యజమాని పరిహారం చెల్లించాలి. యజమాని తప్పు చేశాడని నిరూపించనక్కరలేదు. పనివాడు ఏమరుపాటుగా ఉన్నాడన్నంత మాత్రాన హక్కు పోదు. తాగి ఉన్నా, కావాలని భద్రతా నియమం మీరినా, రక్షణ పరికరాన్ని తెలిసి తీసేసినా యజమాని పరిహారం నిరాకరించవచ్చు. అయితే మరణం గానీ శాశ్వత పూర్తి వైకల్యం గానీ కలిగితే ఆ సాకులు కూడా చెల్లవు.

మేస్త్రీ ద్వారా పనికి వెళ్లినవారు అసలు పని చేయించుకునే సంస్థనే పరిహారం అడగవచ్చు. భవన నిర్మాణం, బరువుల ఎత్తుడు దింపుడు, ట్రాక్టరు, మోటారు వంటి యంత్రాలతో సాగే వ్యవసాయం దీని కిందికి వస్తాయి. పనితో సంబంధం రుజువైతే, ఇంటి నుంచి పనికి పోతూ వస్తూ జరిగిన ప్రమాదం కూడా కొత్త కోడ్ ప్రకారం పనిలో జరిగినట్టే. ఇ.ఎస్.ఐ. ఉన్నవారికి మాత్రం యజమాని నుంచి కాక ఇ.ఎస్.ఐ. నుంచే ప్రయోజనాలు అందుతాయి.

లెక్క ఎలా కడతారు?

జీతం, వయసు, వైకల్య శాతం ఈ మూడే ఆధారం. వయసును బట్టి చట్టంలో ఒక గుణకం ఇచ్చారు. 30 ఏళ్లకు అది 207.98, 40 ఏళ్లకు 184.17. నెలకు 12,000 రూపాయలు సంపాదించే 30 ఏళ్ల కూలీని ఉదాహరణగా తీసుకుందాం.

మరణిస్తే: జీతంలో సగం 6,000 × 207.98 = 12,47,880 రూపాయలు.

శాశ్వత పూర్తి వైకల్యమైతే: జీతంలో 60 శాతం 7,200 × 207.98 = 14,97,456 రూపాయలు.

బొటనవేలు పోతే: దానికి చట్టంలో 30 శాతం. అంటే పై మొత్తంలో 30 శాతం, సుమారు 4,49,237 రూపాయలు.

లెక్కకు తీసుకునే జీతానికి గరిష్ఠ పరిమితి ఉంటుంది. 2020 జనవరిలో కేంద్రం దాన్ని 15,000 రూపాయలుగా ప్రకటించింది.

ఇప్పుడు ఆ యాభైవేల పక్కన ఈ అంకెలు పెట్టి చూడండి.

శాతం చూసేటప్పుడు మనిషి చేసే పనిని కూడా చూడాలి. 1968లో ఒక వడ్రంగి సినిమాహాలులో అలంకరణ పని చేస్తూ పడిపోయాడు. ఎడమ చేయి తీసేయవలసి వచ్చింది. పోయింది ఒక చేయే కదా, పూర్తి వైకల్యం ఎలా అవుతుందని యజమాని సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. ఒంటిచేత్తో వడ్రంగం సాగదు కాబట్టి అది పూర్తి వైకల్యమేనని 1975లో కోర్టు తేల్చింది. పరిహారం బాకీపడేది తీర్పు వచ్చిన రోజు నుంచి కాదు, ప్రమాదం జరిగిన రోజు నుంచేనని కూడా చెప్పింది. బాకీపడిన నెలలోపు చెల్లించకపోతే 12 శాతం వడ్డీ, తగిన కారణం లేకపోతే 50 శాతం దాకా అదనపు సొమ్ము కూడా పడుతుంది.

వేలిముద్ర వేశాక ఇక అంతేనా?

కాదు. మనిషి మరణిస్తే యజమాని పరిహారాన్ని కార్మికశాఖ అధికారి వద్దే జమచేయాలి. కొంత అడ్వాన్సు ఇవ్వవచ్చు గానీ, ఇంటివాళ్లకు నేరుగా ఇచ్చింది పూర్తి పరిహారం ఇచ్చినట్టు కాదు. హక్కు వదులుకుంటున్నట్టు రాయించుకున్న ఒప్పందం చెల్లదు. అయితే ప్రమాదం జరిగిన రెండేళ్లలోపు దరఖాస్తు పెట్టాలి. పంచాయితీలతో కాలం గడిపితే నష్టం మనకే.

మనం చేయవలసినవి

ఇంట్లో కలం పట్టినవాళ్లం మనం. కాబట్టి ఈ పనులు మనవే.

1. నాన్న ఏ మేస్త్రీ కింద, ఎవరి పనిలో, ఎన్ని రోజులు, ఎంత కూలికి వెళ్లాడో నోటుబుక్కులో రాయండి. ఫోన్‌లో పడిన కూలి డబ్బుల వివరాలు చెరిపేయవద్దు. రేపు జీతానికి అవే రుజువు.

2. ప్రమాదం జరిగితే ఆసుపత్రిలో "ఇంట్లో పడ్డాడు" అని రాయించవద్దు. ఎక్కడ, ఏ పనిలో జరిగిందో అదే రాయించండి. ఎం.ఎల్.సి. చేయమని అడగండి. పోలీసు ఫిర్యాదు ఇవ్వండి.

3. జరిగిన చోటు ఫొటోలు తీయండి. తోటి పనివాళ్ల పేర్లు రాసుకోండి. యజమానికి రాతపూర్వకంగా తెలియజేయండి.

4. జిల్లా కార్మికశాఖ కార్యాలయంలో దరఖాస్తు ఇవ్వండి. లాయరు ఫీజుకు భయపడవద్దు. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం అందుతుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థను కలవండి, లేదా 15100కు ఫోన్ చేయండి.

అసలు ప్రమాదమే జరగకుండా

ఎంత పరిహారం వచ్చినా పోయిన వేలు తిరిగి రాదు. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఈ మాటలు చెప్పండి. నూర్పిడి యంత్రం దగ్గర తువ్వాలు, చీరకొంగు, చున్నీ బిగించి కట్టుకోవాలి. తిరిగే బెల్టుకున్న జాలీ తీయకూడదు. పరంజా మీద నడుముకు బెల్టు లేకుండా ఎక్కకూడదు. ప్లగ్గు లేకుండా వైర్లు నేరుగా సాకెట్లో గుచ్చకూడదు. మందు కొట్టేటప్పుడు గాలి వీపు వైపు నుంచి వచ్చేలా చూసుకోవాలి. చేతులు కడగకుండా బీడీ, అన్నం ముట్టకూడదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది: డ్రైనేజీ మ్యాన్‌హోల్‌లోకి, సెప్టిక్ ట్యాంకులోకి ఎవరు ఎంత డబ్బు ఇస్తామన్నా దిగవద్దు. లోపలి విషవాయువుకు ఒకడు పడిపోతే, కాపాడబోయిన రెండోవాడూ పడిపోతాడు. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని దించడం 2013 చట్టం ప్రకారం నేరం. డ్రైనేజీ మరణాలకు 30 లక్షల పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ పనికి ఇన్నాళ్లూ ఎవరిని పిలిచారో మనకు తెలుసు. వద్దని చెప్పవలసింది కూడా మనమే.

మన పెద్దలు చదువు లేక వేలిముద్ర వేశారు. ఇకపై మన ఇంటి ముందుకు ఏ కాగితం వచ్చినా, ముందు మనం చదవాలి. అంకె చూడాలి. లెక్క కట్టాలి. ఆ తర్వాతే సంతకం సంగతి.