ఇరుకు గదిలో ఒంటి కెమెరా

వేదికపై నాటకం చూసే ప్రేక్షకుడు తనకు నచ్చిన పాత్రవైపు దృష్టి సారించగలడు. చలనచిత్రంలో అతనికి ఆ స్వేచ్ఛ లేదు. కెమెరా చూపినదే అతడు చూస్తాడు. కావున చిన్న గదిలో, ఒకే కెమెరాతో లఘునాటికను చిత్రించదలచిన విద్యార్థి ముందుగా యోచించవలసినది పరికరాలను గురించి కాదు. ఏ క్షణంలో ఎవరి ముఖం చూపవలెనన్న విషయాన్ని గురించి.

ఇరుకుతనం లోపం కానక్కరలేదనడానికి 1957లో వెలువడిన ‘ట్వెల్వ్ యాంగ్రీ మెన్’ అనే అమెరికన్ చిత్రం చక్కని నిదర్శనం. పన్నెండుమంది జ్యూరీ సభ్యులు ఒక యువకుని ప్రాణాన్ని గురించి వాదించుకునే ఈ కథ దాదాపు అంతా ఒకే గదిలో నడుస్తుంది. దర్శకుడు సిడ్నీ లూమెట్ మొదటి భాగంలో కెమెరాను కంటిమట్టానికి పైన, మధ్యభాగంలో కంటిమట్టంలో, చివర దానికి దిగువన నిలిపాడు. కటకాల నాభ్యంతరాన్నీ క్రమంగా పెంచాడు. అందుచేత గోడలు దగ్గరైనట్లు, పైకప్పు క్రిందికి దిగినట్లు తోస్తుంది. గది మారలేదు, చూపు మారింది.

ఈ పాఠాన్ని మనకు అన్వయించుకుందాం. తండ్రి మంచంపై కూర్చుని ఉండగా, కుమారుడు గడపవద్ద నిలబడి చదువు మానివేస్తానని చెప్పే దృశ్యాన్ని ఊహించుకుందాం. ముందుగా ఇద్దరూ కనిపించేటట్లు దృశ్యమంతటినీ ఒకసారి తీయవలె. కెమెరాను కిటికీ వెలుపల ఉంచితే చోటు కలిసివస్తుంది. పిమ్మట ఇద్దరి మధ్య ఒక ఊహారేఖ గీసుకొని, కెమెరాను దానికి ఒకే ప్రక్కన ఉంచవలె. రేఖ దాటితే, విడివిడిగా తీసిన ముఖాలు రెండూ ఒకే దిక్కుకు చూస్తున్నట్లుంటాయి. కుమారునివైపు తీయవలసినవన్నీ, కథాక్రమంతో నిమిత్తం లేకుండా, ఒకేసారి ముగించి తండ్రివైపు తిరిగితే దీపాలను మాటిమాటికీ మార్చే శ్రమ తప్పుతుంది.

కాంతి విషయంలో ‘అపరాజితో’ (1956) ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర మనకు మార్గదర్శి. కాశీలోని ఇంటి లోగిలిని స్టూడియోలో నిర్మించినపుడు, పైన తెల్లని వస్త్రం కట్టి, దానిపై పడి తిరిగివచ్చే మెత్తని వెలుగుతో ఆయన చిత్రించాడు. మనకు ఒక తెల్లని దుప్పటి చాలు. ఇక శబ్దానికి ఫ్యాను ఆపవలె. ఎవరూ మాట్లాడని గది నిశ్శబ్దాన్ని అర నిమిషం నమోదు చేసుకుంటే కూర్పులో అతుకులు తెలియవు.

అసలు పరీక్ష వేరొకటి ఉన్నది. కుమారుడు ఆ కఠోరవాక్యం పలికేటపుడు కెమెరా ఎవరిపై ఉండవలె? పలికేవానిపైననే అని తొందరపడతాము. కాని ఆ వాక్యం బరువును మోసేది వినే తండ్రి ముఖం. అతడు ఉర్దూలో మాట్లాడినా, తెలుగులో మాట్లాడినా ఆ మౌనానికి అనువాదం అక్కరలేదు. ఆ సమయంలో కెమెరాకు కనబడని కుమార పాత్రధారి కూడ మాటను అంతే ఆర్తితో పలకవలె. లేనిచో ఎదుటి నటుని కన్నులలో నిజం పుట్టదు.

నేడు సెల్‌ఫోనులోనే కెమెరా ఉన్నది. కళాశాల కమిటీవారు సెలవునాడు ఒక గదిని అనుగ్రహిస్తే, ఎదుటివారిని చూడడం, వినడం మనకు అలవడే పాఠశాల అదే కాగలదు.