అణుదర్శినికి అనుబంధములు

ఒక మాంసకృత్తులో వేలకొలది పరమాణువులుండును. వాని అమరికను కంప్యూటరు తెరపై త్రిప్పి చూపుటకు అమెరికా శాస్త్రజ్ఞుడు వారెన్ డిలానో 2000 లో పైమాల్ అను ప్రోగ్రామును వెలువరించెను. దాని మూలపాఠమును ఎల్లరకు ఇచ్చుటయే ఆయన చేసిన గొప్ప మేలని మేము తలచుచున్నాము. 2009 లో ఆయన 37 ఏండ్లకే గతించెను. 2010 నుండి ష్రోడింగర్ సంస్థ దానిని నడుపుచున్నది. ఆ సంస్థ విక్రయించు ప్రతి వేరు, ఉచితముగా దొరకు మూలపాఠము వేరు.

దీనికి పైథాన్ భాషలో ప్లగిన్, అనగా అనుబంధము, వ్రాయవచ్చును. అది మెనూలో ఒక పేరు చేర్చును. ఆ పేరును నొక్కగా మన పని జరుగును. ప్రతి పరమాణువునకు మూడు నిరూపకములుండును గనుక, రెండింటి నడిమి దూరమును పైథాగరస్ సిద్ధాంతముతోనే కట్టవచ్చును. పదవ తరగతి లెక్కలు వచ్చినవారికి ఇది కష్టము కాదు.

అయితే వ్రాసినదానిని పంచునపుడు అనుమతిపత్రమును జతపరుపవలెను. కంటికి కనబడినంత మాత్రమున మూలపాఠము అందరి సొత్తు కాదు. పత్రము లేనిచో హక్కులన్నియు కర్తవే. ఇతరులు దానిని సవరించి పంచరాదు. ఎం.ఐ.టి. పత్రము, కర్త హక్కు ప్రకటనను, ఆ పత్రమును నిలిపినచో, దాదాపు అన్నిటికిని సమ్మతించును. తొలి ప్రయత్నమునకు అది చాలునని మా అభిప్రాయము. జి.పి.ఎల్. మాత్రము, మార్చి పంచువాడు తన మూలపాఠమును సైతము అదే షరతుపై ఈయవలెనని కోరును. కావున జి.పి.ఎల్. అనుబంధమునుండి భాగములు గైకొని, మొత్తమును ఎం.ఐ.టి. పేర పంచుట చెల్లదు.