చీకటిలో దిగిన విమానాలు



ఎక్కడైనా వరదో, భూకంపమో, యుద్ధమో వచ్చినప్పుడు పూజ చివర విచారణ గురువులు బాధితుల కోసం ప్రత్యేక చందా ప్రకటిస్తారు. మనకు చేతనైనంత వేసి ఇంటికి వస్తాం. ఆ కానుక ఆకలిగొన్న మనిషి చేతికి అన్నంగా ఎలా చేరుతుంది? క్రైస్తవ సంఘాలు విడివిడిగా కాక కలిసి ఎందుకు పనిచేస్తాయి? ఒక నిజమైన చరిత్ర ద్వారా ఈ వారం తెలుసుకుందాం.

ఆకలి ముట్టడి

1967 మే 30న నైజీరియా దేశపు తూర్పు ప్రాంతం 'బయాఫ్రా' పేరుతో వేరుపడినట్టు ప్రకటించుకుంది. జూలైలో అంతర్యుద్ధం మొదలైంది. 1968 మేలో పోర్టు హార్కోర్టు రేవు కూడా నైజీరియా సైన్యం వశం కావడంతో బయాఫ్రాకు సముద్రపు దారి మూసుకుపోయింది. లోపల చిక్కుకున్న లక్షలాది ప్రజలకు తిండి కరువైంది. మాంసకృత్తులు లేక పిల్లలకు క్వాషియోర్కర్ అనే జబ్బు సోకింది. కాళ్లు, పొట్ట ఉబ్బి, జుట్టు ఎర్రబారి వేలాదిగా పసివారు చనిపోయారు.

అక్కడి ప్రజల్లో కథోలికులు చాలామంది. ప్రొటెస్టంటు సంఘాలవారూ ఉన్నారు. ఐర్లండు నుండి వచ్చిన పవిత్రాత్మ సభ గురువులు, మఠకన్యలు ప్రజలను విడిచి వెళ్లలేదు. లోకానికి ఈ ఆకలి కబురు చేరవేసినవారిలో వారు ముఖ్యులు.

రెండు చేపల గుర్తు

మొదట కారితాస్ సంస్థ, ప్రొటెస్టంటు సంఘాలు వేర్వేరుగా సాయం పంపాయి. 1968లో స్కాండినేవియా దేశాల లూథరన్ సంఘాలు, కారితాస్, అమెరికా సంఘాల సహాయ సంస్థలు, మరికొన్ని కలిసి 'జాయింట్ చర్చ్ ఎయిడ్' అనే కూటమిగా ఏర్పడ్డాయి. దాని విమానాలపై రెండు చేపల గుర్తు ఉండేది. ఇంగ్లీషు పొడి అక్షరాలు జె.సి.ఎ. కాబట్టి, ఆ విమానాలకు 'జీసస్ క్రైస్ట్ ఎయిర్‌లైన్స్' అని ముద్దుపేరు వచ్చింది.

అప్పట్లో పోర్చుగల్ పాలనలో ఉన్న సావో టోమే ద్వీపం నుండి పాలపొడి, ఉప్పు, ఎండుచేప, మందులతో అవి బయలుదేరేవి. దిగేది ఊలి అనే చోట, వెడల్పు చేసిన ఒక రోడ్డు మీద. పగలు దిగితే కూల్చేస్తారు కనుక రాత్రిపూటే రాకపోకలు. దీపాలు క్షణకాలం వెలిగి మళ్లీ ఆరిపోయేవి. పైనుండి బాంబులు పడుతుండేవి. కొందరు విమాన సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. అయినా 1970 జనవరిలో యుద్ధం ముగిసేదాకా ఈ కూటమి 5,300కు పైగా ప్రయాణాలు చేసి సుమారు 60,000 టన్నుల సరుకు చేర్చింది.

విమానం మూట దించితే పని సగమే అయినట్టు. మిగతా సగం విచారణలది. సరుకును లారీలలో తీసుకుపోయి మిషను కేంద్రాల్లో, బడుల్లో వండి పెట్టేవారు. ఏ ఊళ్లో ఎందరు పిల్లలున్నారో, ఏ తల్లికి పాలు లేవో స్థానిక గురువులకు, ఉపదేశులకు తెలుసు. కొత్తగా వచ్చిన ఏ సంస్థకూ ఆ ఎరుక ఉండదు.

నొప్పి కలిగించే ప్రశ్న

అయితే ఈ కథ పొగడ్తతోనే ముగిసేది కాదు. ఆయుధాలు తెచ్చే విమానాలూ అదే ఊలిలో, అదే చీకటిలో దిగేవి. సాయం వల్ల యుద్ధం పొడిగిందా అన్న ప్రశ్న సంఘాల లోపల కూడా లేచింది. 1969 జూన్‌లో రెడ్‌క్రాస్ విమానాన్ని నైజీరియా కూల్చివేయగా ఆ సంస్థ తన విమానాలను ఆపుకుంది. సంఘాలు ఆపలేదు. యుద్ధానంతరం నైజీరియా ప్రభుత్వం కారితాస్ సాయాన్ని నిరాకరించింది. మిషనరీలు పలువురు దేశం విడిచి వెళ్లవలసి వచ్చింది.

చచ్చిపోతున్న బిడ్డకు పాలు ఇవ్వక తప్పదు. కానీ ఆ పాలు ఒక పక్షానికి బలం కాకుండా చూడటమూ మన బాధ్యతే. ఈ రెండింటి మధ్య తేలికైన జవాబు లేదు.

నేర్చుకున్న నియమం

1994లో రెడ్‌క్రాస్ ఉద్యమం, సహాయ సంస్థలు కలిసి ఒక ప్రవర్తనా నియమావళిని రూపొందించాయి. కారితాస్, లూథరన్ ప్రపంచ సమాఖ్య, ప్రపంచ సంఘాల మండలి అందులో భాగస్వాములు. దాని సారం: అవసరాన్ని బట్టే సాయం, కులమతాలు, జాతి చూడరాదు, సాయాన్ని మత ప్రచారానికో రాజకీయానికో వాడరాదు, ఇచ్చినవారికి, పుచ్చుకున్నవారికి కూడా లెక్క చెప్పాలి. గాయపడినవాడిని నీదే మతమని అడగకుండా కట్టు కట్టిన మంచి సమరీయుని దారి ఇదే కదా!

నేడు 2010లో ఏర్పడిన యాక్ట్ అలయన్స్ ప్రొటెస్టంటు, ఆర్థడాక్సు సంఘాలను కలుపుతోంది. మన పక్షాన కారితాస్ కుటుంబం ఉంది. ఆపద వచ్చిన చోటి స్థానిక సంస్థ అవసరాలు అంచనా వేసి విజ్ఞప్తి చేస్తుంది, తక్కిన దేశాల సంస్థలు నిధులు, నిపుణులను పంపుతాయి. మన దేశంలో 1962లో పీఠాధిపతులు స్థాపించిన కారితాస్ ఇండియా ఆ కుటుంబంలోనిదే. తపస్సు కాలంలో మనం దానికిచ్చే కానుక ఈ గొలుసులో ఒక కొక్కెం.

ప్రియ తల్లిదండ్రులారా, మీ పిల్లలు కానుక వేసేటప్పుడు ఈ చీకటి రోడ్డు కథ చెప్పండి. ఆ చేతిలోని నాణెం ఎంత దూరం వెళ్తుందో వారికి తెలియాలి.

కుటుంబంలో చర్చించుకోండి

1. మన వాడలో రేపు ఆపద వస్తే ముందుగా ఎవరిని చూడాలో మనకు తెలుసా?
2. ఇతర సంఘాల, ఇతర మతాల పొరుగువారితో కలిసి మనం చేయగల సేవ ఏమిటి?
3. సాయం పొందినవారి గౌరవం నిలిచేలా ఎలా ఇవ్వాలి?